బావ అనీసాడు

చంటి విశాఖ మద్దిలపాలెం బస్సు డిపో ఎదుట టీ తాగుతుంటే మారిషస్ నుంచి స్నేహితుడు గవర్రాజు ఫోన్ చేశాడు. అక్కడొక పల్లెలో, తాతల నాడు వలస వెళ్ళిన తెలుగువాళ్ళ పిల్లలకి రామభజనలు నేర్పడానికి భజన సమితి తరఫున వెళ్ళాడతను.

"కొంప మునిగింది బావ! బస ఇచ్చినాయన్ని నిన్న అలవాటుగా బావ అనీసాను. ఆయనకి పెళ్ళికాని సెల్లెలుంది. పిల్లనడగతన్నాననుకొని ఊరంతా మిఠాయి పంచీసాడు."

"ఓరి నీ! మనకాడ అందర్నీ అలాగే అంటామని సెప్పీ."

"పొద్దున్నే సెప్పీసాను. నమ్మీసాడు."

"మరింకేటి బాధ?"

గవర్రాజు గొంతు తగ్గించాడు. "మజ్జేనం ఆ పిల్ల భజనకొచ్చింది. నాను తాళం తప్పీసాను బావ. ఇప్పుడు నువ్వే ఆయనకి సెప్పాల. మనకాడ ఊరికే ఎవర్నీ బావ అనమని సెప్పాల."

చంటి నవ్విన నవ్వుకి గ్లాసులో టీ చొక్కా మీద ఒలికింది. "సర్లే, ఆయనకియ్యి ఫోను."

అవతల ఫోన్ చేతులు మారిన చప్పుడైంది. చంటి గొంతు సవరించుకుని మర్యాదగా మొదలుపెట్టాడు.

"నమస్కారం బావా! మాకాడ ఊరికే ఎవర్నీ..."

నాలిక కరుచుకున్నాడు.

అవతల ఆడగొంతు పకపకా నవ్వింది.

"నేను బావ కాదు, చెల్లెలు," అంది, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ. "అందరూ అన్నయ్యతోనే మాట్లాడుతున్నారు. నన్ను అడగమని మీ స్నేహితుడికి చెప్పండి."