అల్లం బీరు మడ్డి

ఖాళీ హార్లిక్స్ సీసా పట్టుకుని శౌరయ్య గుమ్మంలో నిలబడేసరికి స్టెల్లాకి ఒళ్లు మండింది.

అత్తగారు అమలమ్మ పోయి పట్టుమని నెల కాలేదు. ఈయన మాత్రం ఏటా జనవరిలో వచ్చినట్టే తగుదునమ్మా అని వచ్చేశాడు.

దేనికొచ్చాడో తెలిసిందే. అమలమ్మ క్రిస్మస్‌కి పెట్టే అల్లం బీరుకి బెజవాడ పటమట అంతా పేరు. పండగ ఆరాధన కాగానే సంఘమంతా వాళ్లింటికే వచ్చేది. జాడీ ఖాళీ అయ్యాక అడుగున మిగిలే తెల్లటి మడ్డిని చల్లపల్లి అవతలి నుంచి వచ్చి ఈ ముసలాయన పోయించుకుపోయేవాడు. మడ్డి కూడా వదలని తాగుబోతుకి అత్తగారు పీట వేసి అన్నం పెట్టడం స్టెల్లాకి పదేళ్లుగా మింగుడుపడలేదు.

ఆ ఏడు జాడీ పెట్టిన వారానికే పక్షవాతంతో మంచాన పడ్డ ఆవిడ, చివర్లో కోడలి చెయ్యి పట్టుకుని కూడబలుక్కుని అన్నది ఒక్కటే.

"జాడీ ఆగనీయకు."

ఆగనీయకూడదనే స్టెల్లా పట్టుదల. అందుకే వచ్చే ఏడాదికని జాడీని శుభ్రంగా తోమి బోర్లించింది.

"మడ్డి పారబోశాను పెద్దాయనా. మంచిదే తాగండి," అని సీసాలో మిగిల్చిన బీరు నిండు గ్లాసూ, కేకు ముక్కా తెచ్చి అరుగు మీద పెట్టింది.

"మొత్తం పారబోశారా అమ్మా?"

"మొత్తం."

"అమలమ్మగారు మీకేం చెప్పలేదా?"

"మడ్డి తాగేవాళ్ల గురించి చెప్పడానికేముంది?"

శౌరయ్య ఖాళీ సీసా చంకలో పెట్టుకున్నాడు. కేకు ముక్క కాగితంలో చుట్టుకుని వెళ్లిపోయాడు. గ్లాసు పెట్టింది పెట్టినట్టే ఉంది. మంచి సరుకు ఆయనకి సయించదు కాబోలనుకుంది స్టెల్లా.

మళ్లీ డిసెంబరు వచ్చింది. అల్లం దంచడం, నిమ్మకాయలు పిండడం, పంచదార కరిగించడం ఎప్పుడూ స్టెల్లా పనులే. అత్తగారు మాత్రం నెల మొదట్లో చుట్టాల్ని చూడాలంటూ చల్లపల్లి వెళ్లొచ్చి, వంటింటి తలుపేసుకుని జాడీకి గుడ్డ కట్టేది.

స్టెల్లా కూడా గుడ్డ కట్టింది. వారమైనా జాడీలో బుడగ లేదు.

బేకరీ ఈస్టు తెచ్చి వేసింది. పొంగడం పొంగింది గానీ, ఒకటే రొట్టెపిండి కంపు. సంఘపెద్ద సంజీవరావు ఒక్క గుక్క తాగి, ఆ చెయ్యి అమలమ్మగారితోనే పోయిందమ్మా అన్నాడు. స్టెల్లా వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. పోయేముందు అడిగిన ఒక్క మాట నిలబెట్టలేకపోయింది.

అన్నేళ్లు ఆ మడ్డి తాగినవాడికి అందులో ఏముందో తెలియదా, శౌరయ్యనే అడగమన్నాడు భర్త జాన్ పాల్.

మర్నాడే స్టెల్లా చల్లపల్లి బస్సెక్కి, దారి అడుగుతూ శౌరయ్య ఊరు చేరింది. శౌరయ్య భార్య రావమ్మ బావి దగ్గర బట్టలు ఉతుకుతోంది.

"ఆయన ఈస్టరుకి ముందే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడమ్మా."

స్టెల్లా బావి గట్టు మీద కూర్చుంది. తర్వాత మెల్లిగా మడ్డి సంగతి అడిగింది.

రావమ్మ చేతులు తుడుచుకుని, బావి గిలకకి కట్టిన సన్నటి తాడు పైకి లాగింది. దాని చివర ఖాళీ హార్లిక్స్ సీసా.

"బెజవాడ ఎండలకి మడ్డి చచ్చిపోద్దని ఇందులో పోసి బావిలో దించి ఉంచేవాడమ్మా. వారం వారం తీసి, కాస్త పంచదార నీళ్లు పోసి, మళ్లీ దించేవాడు. డిసెంబర్లో అమలమ్మగారొచ్చి పట్టికెళ్లి మీ జాడీలో తోడు కలుపుకునేవోరు. ఉప్పెన ఏడు మమ్మల్ని మూణ్ణెల్లు ఇంట్లో పెట్టుకుని సాకింది ఆ తల్లి. ఈయనేమో ఇరవై ఏళ్లు దాన్ని బతికించాడు."

"మరి... ఆయన తాగడానికి కాదా?"

"ఆయన చుక్క నోట పెట్టి ఎరగడమ్మా, అదెలా ఉంటదో కూడా ఏటా అమలమ్మగారిని అడిగే తెలుసుకునేవాడు," అంది రావమ్మ.