ఓయివా నడిచాడంటే

"అదుగో, పిలుస్తున్నాడు! రెండు చేతులూ ఊపుతున్నాడు చూడు," అంటూ పక్కింటి తౌనో దుర్భిణి తెచ్చి సిర్పా చేతిలో పెట్టాడు.

ఉత్తరధ్రువం దాపునున్న ఔలు నగరంలో చలికాలపు మిట్టమధ్యాహ్నం. సూర్యుడు లేచాడన్న మాటేగాని, నేలను వదల్లేక అంచునే ఎర్రగా కూర్చున్నాడు. ఎదురుగా మొన్ననే గడ్డకట్టిన సముద్రం. దాని మీద పొద్దున కురిసిన పల్చటి మంచు. ఒక్క అడుగుజాడ లేదు. కిలోమీటరు అవతల దీవి, దీవి ఒడ్డున ఎర్రటోపీ మనిషి. సిర్పా మామగారు, ఓయివా. ఎనభై రెండేళ్ళు.

ఒడ్డున వందమంది దాకా పిల్లల్తో, కుక్కల్తో, తోపుడు బళ్ళతో కాచుకుని ఉన్నారు. ఏటా ఇంతే. ఓయివా గడ్డ మీద నడిచి దీవి చేరేదాకా ఎవరూ సముద్రంలో కాలు పెట్టరు. ఆయన చేరాడంటే ఇక వసంతం దాకా అదే ఊరి దారి.

"మరి ఆయన జాడలేవి?" అంది సిర్పా.

"చీకట్లో వెళ్ళుంటాడు. పొద్దుటి మంచు కప్పేసింది."

"దీవికి వేసిన రాళ్ళకట్ట మీదుగా వెళ్ళాడేమో!"

"పది కిలోమీటర్ల చుట్టుదారినా? సముద్రం ఉండగా నేల మీద నడిచే మనిషేనా మీ మామ? కాలు గీలు విరిగుంటుంది. లేకపోతే మనూళ్ళో ఎవరైనా అంతలా చేతులూపుతారా? పక్కింటాయన్నైన నాకే తల పంకించడం గొప్ప!"

సిర్పా దుర్భిణి తిరిగిచ్చేసింది. గడ్డ విరిగితే గుచ్చుకుని పైకి పాకడానికి మెడలో వేసుకునే ఇనుప మేకుల్ని తడిమి చూసుకుని, అడుగు వేసింది.

ఒడ్డు దాటగానే మాటలు ఆగిపోయాయి. గాలి మంచును ఊడ్చిన చోట పాదాల కింద నల్లటి నీళ్ళు అద్దంలోంచి కనిపించినట్టు కనిపించాయి. లోపల నీటి బుడగలు ముత్యాల్లా బిగిసి ఉన్నాయి. సగం దూరంలో సముద్రం మోగింది. ఎక్కడో దిగంతంలో మొదలైన మూలుగు ఆమె అరికాళ్ళ కిందుగా సాగి, దూరంగా వెళ్ళి సన్నటి పాటై ఆగింది. ఇంత పెద్ద ప్రాణి వీపు మీద తానొక చీమనని సిర్పాకి అనిపించింది. భయం పోయింది. కళ్ళు చెమర్చాయి, రెప్పల మీదే నీళ్ళు గడ్డకట్టాయి. ఎర్రటోపీ మాత్రం ఇంకా ఊగుతూనే ఉంది.

దీవి ఎక్కగానే ఓయివా ఆమె భుజాలు పట్టుకుని కుదిపేశాడు. కాళ్ళూ చేతులూ నిక్షేపంగా ఉన్నాయి. గొంతు మాత్రం అరిచి అరిచి పోయింది.

"బుద్ధుందా అమ్మాయ్? రావద్దు, రావద్దని గంట నుంచీ చేతులూపుతున్నానే!"

"రావద్దనా! మీరు నడిచి వచ్చారనుకున్నాం మామయ్యా."

"ఎక్కడ నడవను? తెల్లారుజామున మన ఒడ్డున గడ్డను తొలిచి చూశాను. మూడు వేళ్ళ మందం లేదు. ఈ వైపైనా కుదిరిందేమోనని రాళ్ళకట్ట మీద చుట్టూ తిరిగి వచ్చాను. ఇక్కడా అంతే."

"నన్ను మోసింది కదా!"

"ఒక్క మనిషిని మోస్తుంది. బరువంతా ఒక్కచోట చేరితే పెంకులా విచ్చిపోతుంది."

సిర్పాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ముసలాయన్ని గట్టిగా కావలించుకుంది. ఆయన మాత్రం కదల్లేదు. ఆమె భుజం మీదుగా సముద్రం వైపే చూస్తున్నాడు.

సిర్పా వెనక్కి తిరిగింది. ఎర్రటి వెలుగులో, నీళ్ళ మీద నడుస్తున్నట్టు, ఊరు ఊరంతా వస్తోంది. ముందు తౌనో. వెనక పిల్లలు, కుక్కలు, తోపుడు బళ్ళు. అందరూ సిర్పా అడుగుల్లోనే అడుగులేస్తున్నారు. పుట్టి బుద్ధెరిగాక అంత అందమైన దృశ్యాన్ని ఆమె చూడలేదు.

"వెనక్కి! వెనక్కి పొండి!"

గాలి సిర్పా కేకను ఎటో ఎత్తుకుపోయింది. మామా కోడళ్ళిద్దరూ నీళ్ళంచుకు పరుగెత్తి, శక్తికొద్దీ నాలుగు చేతులూ ఊపారు.

అది చూసి జనం పరుగందుకున్నారు.