కోమల నేర్చుకున్న రంగు

దేవరాజుల్ని పట్టపగలు నడివీధిలో నరికేశారు. ఊరంతా చెరుకు తోటల్లోనూ బెల్లం మండీలోనూ ఉంది. చూసింది ఒక్క కోమలే. కోమలకి ఇంకా మూడేళ్ళు నిండలేదు.

పంకజ పొయ్యి దగ్గర సంగటి గెలుకుతుంటే బయట కేక వినిపించింది. బిడ్డ వీధి తిన్నె మీద ఒంటరిగా ఆడుకుంటోంది. తెడ్డు పారేసి ఉరికింది.

వీధి మలుపులో దేవరాజులు బోర్లా పడి ఉన్నాడు. మెడ సగానికి తెగింది. చెరుకు కొట్టే కత్తి పక్కనే పడి ఉంది. నరికినవాడు లేడు. కోమల తిన్నె మీదే కూర్చుని, సందు వైపు వేలు చూపిస్తోంది.

"సొక్కా... సొక్కా..."

పంకజ బిడ్డను చంకనేసుకుని దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. అప్పటికే నలుగురు చేరారు. నలుగురూ విన్నారు.

పోలీసులు వచ్చి శవాన్ని చిత్తూరికి తీసుకుపోయారు. దేవరాజులు తమ్ముడు రాజారత్నం వాళ్ళకి బిడ్డ సంగతి చెప్పలేదు. వాళ్ళ జీపు కదలగానే నేరుగా పంకజ గడపలోకి వచ్చాడు.

"బిడ్డ సూసిందంట గదమ్మా. సొక్కా ఏం రంగో అడుగు."

"బెదిరిపోయుండాదన్నా. ఒళ్ళు గూడా కాలతా ఉండాది."

"రంగు తెలిస్తే సాలు. ఈ పొద్దు మనూరి నుంచి బెల్లం మండీకి ఎవుడేం తొడుక్కోని వచ్చినాడో నాకు తెల్సు. తెల్లారి వస్తా. ఆ సొక్కా తొడుక్కున్నోన్ని ముక్కలు జేస్తా."

మండీ దేవరాజులుదే. అక్కడ అతని చేత చెప్పుదెబ్బ తినని మనిషి లేడు. ఎవరికైనా పగ ఉండొచ్చు. ఎవరు చావాలన్నది ఇప్పుడు ఈ పసిబిడ్డ నోట్లో ఉంది.

పంకజకి మామూలుగానే అన్నీ భయాలు. బిడ్డ తుమ్మితే జ్వరమనుకుంటుంది. మొగుడు పొద్దు మీరి వస్తే లారీ కింద పడ్డాడనుకుంటుంది. ఆ రోజు మాత్రం ఆమె భయపడుతూ కూర్చోలేదు. చేటలో రాగిపిండి పరిచింది.

అయిదో తరగతి దాకా చదివిన పంకజకి తెలిసిన పద్ధతి అదే. పిండిలో వేలితో అక్షరం గీసి బిడ్డ చేత దిద్దించేది. అ, ఆ వచ్చేశాయి. రంగులు ఈ మధ్యే మొదలుపెట్టింది. తన పాతగాజుల్ని పిండిలో దాచి వెతికించేది.

ఇప్పుడు ఒక గాజు దాచింది.

"యాడ దాక్కోనుండాదో సూడు!"

కోమల పిండంతా కెలికి గాజు పట్టుకుని కిలకిలా నవ్వింది.

"ఏం రంగు?"

"ఎర్ర!"

"కాదు తల్లీ. నీలం."

మళ్ళీ దాచింది. కోమల మళ్ళీ తీసింది.

"ఎర్ర!"

పంకజ చెంప ఛెళ్ళుమనిపించింది. బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. పంకజ దాన్ని గుండెకు హత్తుకుని తనూ ఏడ్చింది. నోట్లో బెల్లం ముక్క పెట్టింది. మళ్ళీ గాజు దాచింది.

గోడవతల నుంచి శకుంతలమ్మ కేకేసింది. "ఏమే పంకజా, బిడ్డను ఇప్పుడే కలెక్టర్ను జేస్తావా ఏమి?"

"తప్పు జెప్తే కొంప మునుగుతాది గదక్కా!"

మొగుడు మునిరామయ్య స్నానం చేసి తువ్వాలు కప్పుకుని గోడకానుకున్నాడు. ముందున్న సంగటి ముద్ద ముట్టలేదు.

"నీలం," అంది కోమల, బెల్లం చప్పరిస్తూ.

"ఇంగొకసారి అడుగు," అన్నాడు మునిరామయ్య.

"నీలం."

తెల్లారింది. రాజారత్నం నలుగురితో వచ్చాడు. అందరి చేతుల్లోనూ కత్తులే. కోమల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"పాపా, ఆ సొక్కా ఏం రంగు?"

కోమల తల్లి మొహం చూసింది. తల్లి గుప్పిట్లోని బెల్లం చూసింది.

"నీలం."

"ఇంత బిడ్డకి రంగులు తెలుసునా?"

మునిరామయ్య అందుకున్నాడు. "అచ్చరాలే వచ్చు గదన్నా, రంగులు రావా?"

రాజారత్నం కత్తి మొనతో మట్టిలో గీశాడు. "ఇదేంది?"

"అ!" అంది కోమల.

అతను లేచి నిలబడ్డాడు. "చిన్నబ్బ. నీలం టెర్లిన్ సొక్కా. వాడొక్కడే."

చిన్నబ్బ గానుగ దగ్గర బెల్లం పెనం కింద మంట ఎగదోస్తున్నాడు. కత్తులు కనబడగానే పరుగెత్తాడు. పరుగెత్తి ఈ వీధిలోకే వచ్చాడు.

"నేను గాదప్పో! నా బిడ్డల మీద ఒట్టు!"

మొదటి వేటు భుజం మీద పడింది. రెండోది మోకాలి మీద. పాకుతూ వచ్చి పంకజ వాళ్ళ తిన్నె అంచు పట్టుకున్నాడు.

"అక్కా, నేను గాదని సెప్పక్కా! బిడ్డను ఇంగొకసారి అడుగక్కా!"

పంకజ చంకలోని కోమల కళ్ళు మూసింది. నోరు తెరవలేదు. మూడో వేటుకి చిన్నబ్బ వేళ్ళు తెగి తిన్నె మీదే ఉండిపోయాయి. మనిషి కింద పడ్డాడు. ఆ తర్వాత వేట్లు నేలకి తగిలిన చప్పుడే వినిపించింది.

రాజారత్నం రొప్పుతూ, చచ్చినవాడి పంచెతో కత్తి తుడుచుకుంటున్నాడు. వీధిలో కాకి కూడా అరవడం లేదు. బిడ్డ పంకజ చంకలోంచి జారి కిందికి దిగింది.

తిన్నె మీద మడుగు కట్టిన నెత్తురులో వేలు ముంచి పైకెత్తి చూపిస్తూ, రెండో చెయ్యి బెల్లం కోసం చాపి, కోమల వీధంతా వినబడేలా అరిచింది: "అమ్మా, నీలం! నాయన సొక్కా మాదిరి నీలం!"