రెండు షీట్లు

"పార్సిల్ రాకపోతే నా దగ్గరికెందుకొచ్చావ్? ఆ ఫోన్‌నే అడుగు!" మందుల షాపు బాబాయి విరుచుకుపడ్డాడు.

"మాత్రలు నిన్నటితో అయిపోయాయి. నాన్న పొద్దున మళ్ళీ కళ్ళు తిరిగి పడ్డాడు. ఒక్కో షీటివ్వు బాబాయ్," అంటూ రెండు ఖాళీ షీట్లు బల్లమీద పెట్టాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. "ఈ రెండూ రోజూ వేస్తున్నావా?"

"ఆర్నెల్లుగా. ఇద్దరు డాక్టర్లు రాశారు. చీటీలు ఫోన్లో మందుల యాప్‌లో పెట్టాను, నెలనెలా ఆ కంపెనీవాళ్ళే పంపుతారు."

"పైన పేర్లే వేరురా, లోపల ఒకే బీపీ మందు! రెండింతలు పడితే కళ్ళు తిరగవూ? పంపినవాడు చదవలేదు సరే, నువ్వైనా ఒక్కసారి ఎవరికీ చూపించలేదా?" బల్ల గుద్దాడు.

నాన్న తూలిన ప్రతిసారీ, "మందు మానేశావు కదూ!" అని గద్దించి, రెండు మాత్రలూ దగ్గరుండి నేనే మింగించాను.