బేరిష్ కుడిచెయ్యి

బేరిష్ మంచుమీద జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడని గురువారం పొద్దున్నే కబురొచ్చింది. టీ తాగుతున్న జూండెల్‌కి పొలమారింది.

"ఇంకేం, ఈసారి మొదటి బహుమతి మీదే!" అంది భార్య ఫ్రైడా. "పోయినేడు ఆయన గెలిస్తే వారం రోజులు మీకు ముద్ద దిగలేదుగా. ఇప్పుడు హాయిగా తినండి."

జూండెల్ కోటు తగిలించుకుని బయటపడ్డాడు.

వీళ్లిద్దరి వైరం అమెరికాలో వాళ్లుండే బ్రాంక్స్ పేటలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. యూదుల మాసపత్రిక ఒకటి ఏటా తమ యిద్దిష్ భాషలో కథల పోటీ పెడుతుంది. గెలిచిన కథని పస్కా పండుగ సంచికలో రచయిత ఫోటోతో సహా వేస్తారు. ఓ ఏడు జూండెల్ ఫోటో పడుతుంది, ఓ ఏడు బేరిష్ ఫోటో. పడినవాడు ఏడాదంతా ప్రార్థన మందిరంలో గడ్డం నిమురుకుంటూ తిరుగుతాడు. పడనివాడు వెనకబల్ల మీద కూర్చుని, సంపాదకులకి కళ్లు కనపడవని తిడుతుంటాడు.

గడువు మర్నాడు, శుక్రవారం, మధ్యాహ్నం మూడింటికి. చలికాలం పొద్దు. సూర్యుడు దిగితే సబ్బాతు, యూదులు ఏ పనీ ముట్టని విశ్రాంతి రోజు. పత్రికాఫీసుకి తాళం పడుతుంది, బేరిష్ ఇంట్లో కలం ముట్టుకునేవాడుండడు.

బేరిష్ చేతికి పిండికట్టుతో మంచంమీద ఉన్నాడు.

"నా అవస్థ చూసి ఆనందిద్దామని వచ్చావా?"

"కథ రాశావా లేదా?"

"బుర్రలో ఉంది. చెయ్యేదీ?"

"చెప్పు. నేను రాస్తాను."

"నీకేమైనా మతిపోయిందా? నా కథ నువ్వు రాయడమేంట్రా?"

"చెయ్యి విరిగినవాడి మీద గెలిస్తే అదో గెలుపా? నాన్చకు, చెప్పు!"

బేరిష్ భార్య గితెల్ కళ్లొత్తుకుంది. "మీది ఎంత పెద్ద మనసు అన్నయ్యగారూ!"

"మనసు సంగతి తర్వాత చూద్దాంలేమ్మా. ముందు కాగితాలు పట్రా."

బేరిష్ చెబుతూ పోయాడు, జూండెల్ రాస్తూ పోయాడు. పోలండులో ఓ పల్లె. అక్కడో పెళ్లిళ్ల పేరయ్య, అతనికో మేక. మేక ఎవరి గుమ్మం ముందు ఆగి అరిస్తే ఆ ఇంటి పిల్లకి సంబంధం ఖాయం. నాలుగో పేజీకల్లా జూండెల్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే గుండె గుభేలుమంది. ఇది తన కథకంటే బాగుంది. ఎన్నో రెట్లు బాగుంది. దొంగవెధవ, ఇంత సరుకు ఎక్కడ దాచాడో!

ఒక్క వాక్యం అటూ ఇటూ చేస్తే ఎవరికి తెలుస్తుంది? కలం ఆగింది.

"ఏం, చెయ్యి నొప్పా?"

"నీ నోరు నొప్పెట్టదేం? కానీ."

చెప్పింది చెప్పినట్టే రాశాడు.

శుక్రవారం ఒంటిగంటకి కూడా ముగింపు తేలలేదు. వంటింట్లోంచి రొట్టె వాసన వస్తోంది. గితెల్ అప్పుడే సబ్బాతు దీపాలు సర్దుతోంది.

"మేకని అమ్మెయ్యనా? దానికీ పెళ్లి చెయ్యనా?" అన్నాడు బేరిష్, పైకప్పుకేసి చూస్తూ.

"ఏదో ఒకటి చెయ్యరా బాబూ, నా రైలు పోతుంది!"

మేకకి పెళ్లయింది. తన కథ, వాడి కథ చంకన పెట్టుకుని జూండెల్ భూగర్భ రైలుకి పరిగెత్తాడు. డెబ్బై నాలుగేళ్ల మోకాళ్లు మొర్రోమన్నా వినలేదు. ఆఫీసులో మిర్ల్ అనే అమ్మాయి తాళం చేత్తో పట్టుకునే ఉంది.

"ఇంకొక్క నిమిషమైతే వెళ్లిపోయేదాన్ని, తాతగారూ!"

పస్కా సంచికలో బేరిష్ ఫోటో పడింది, చేతికట్టుతో సహా. జూండెల్‌కి రెండో బహుమతి. మందిరంలో అందరి ముందూ బేరిష్ ఒంటిచేత్తో అతన్ని వాటేసుకుని భోరుమన్నాడు.

"వీడు మనిషి కాదర్రా, దేవదూత!"

"వచ్చే ఏడు చెబుతా నీ పని," అన్నాడు జూండెల్, ముఖం వెలిగిపోతుండగా.

ఇంటికొచ్చాక ఫ్రైడా నెమ్మదిగా అడిగింది. "నిజం చెప్పండి, బాధగా లేదూ?"

"పిచ్చిదానా! అమెరికా అంతటికీ రెండోవాణ్ని. తక్కువా?" అని పత్రిక గుండెకి హత్తుకున్నాడు.

పదకొండేళ్లుగా ఆ పోటీకి వస్తున్నవి వీళ్లిద్దరి కథలేననీ, ఏ ఏడైనా ఒక్కటే వస్తే పోటీ ఎత్తేస్తారనీ మిర్ల్ మూడేళ్ల కిందట జూండెల్ ఒక్కడి చెవిలోనే వేసింది.