సీసా మీద గీత

“తగ్గిందంటే ఎవరో వాడారనుకోవచ్చు. పెరగడమేమిటండీ?”

సబ్బులు సర్దుతున్న కొట్టాయన చెయ్యి ఆగిపోయింది.

“ఏం పెరిగిందమ్మా?”

“మూడు వారాల కిందట మీ దగ్గర కొన్నానే, ఓవెన్ తోముకునే మందు. అదే.”

ఆయనకు గుర్తొచ్చింది. ఆర్డర్ల మీద కేకులు చేసే అమ్మాయి. మాడి అంటుకుపోయిన చక్కెర ఊడే మందు కావాలని వచ్చి గంటసేపు నిలబడింది. ప్రతి సీసా వెనకా ఉన్న సన్నక్షరాలు కూడబలుక్కుని చదివింది. “ఇంట్లో ఎనిమిది నెలల పాప ఉందండీ” అని పదిసార్లు చెప్పింది.

“పాప జ్వరం మందుకు పెట్టినట్టే దీనికీ రోజూ పెన్నుతో గీత పెట్టుకుంటున్నాను. మొదటి రెండు వారాలూ నేను ముట్టకుండానే దిగుతూ వచ్చింది. ఇవాళ చూస్తే నిన్నటి గీతకు రెండు వేళ్ళు పైనుంది.”

“మూత తీసి చూశారా?”

“తీయాలంటే భయమేసింది.”

“ఇంట్లో ఇంకెవరుంటారు?”

“మా ఆయనది రాత్రి డ్యూటీ. పగలు పడుకున్నాడంటే ఇల్లు కూలినా లేవడు. ఇక మా అత్తగారు.”

కొట్టాయన గొంతు తగ్గించాడు. “చూడమ్మా. ఓవెన్ చల్లారాక, గ్లవుజులు వేసుకుని, కిటికీ తెరిచి వాడితే ఈ మందుతో భయం లేదు. ఇందులో ఇంకేదైనా కలిసిందంటే మాత్రం నేను పూచీ పడలేను. బ్లీచింగ్ నీళ్ళలో యాసిడ్ పడితే లేచే ఆవిరికి పెద్దవాళ్ళే పడిపోతారు. ఇంతకీ పాపెక్కడ?”

“అత్తగారి దగ్గర” అంది. అప్పటికే ఆమె మెట్లు దిగుతోంది.

దారి పొడుగునా అన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సీసా ఇంటికి తెచ్చిన రోజు అత్తగారు మూతి తిప్పింది. “ఇంత వణుకుతూ వాడకపోతేనేం? ఇంత బూడిదేసి తోము. మేమంతా బతకలేదా?” అంది. ఆ మర్నాటి నుంచీ పొద్దున లేచేసరికి ఓవెన్ అద్దంలా మెరిసేది. గ్లవుజులు మాత్రం మేకుకు పొడిగా వేలాడుతూ ఉండేవి. తోమారా అని అడిగితే అత్తగారు పాపనెత్తుకుని అవతలికి వెళ్ళిపోయేది. వారం నుంచీ తన చాపను వంటింటి గుమ్మానికి అడ్డంగా వేసుకుంటోంది. అడిగితే అక్కడ గాలి బాగుంటుందట! సబ్బు పడక కోడలి వేళ్ళ కొసలు పొట్టు రేగితే అయ్యో అన్న పాపాన పోలేదు. పైగా నిన్న పాపను ఎత్తుకోబోతే, “ముందు ఆ చేతులు కడుక్కుని రా” అని లాక్కుంది.

ఇంటికొచ్చేసరికి వంటింటి తలుపు దగ్గరగా వేసి ఉంది. భుజంతో తోసింది.

అత్తగారు సింకు ముందు నిలబడి, గరాటు పెట్టి, చెంబులోంచి ఏదో సీసాలో పోస్తోంది. పాప కింద చాప మీద కూర్చుని బొమ్మ నములుతోంది.

కోడలు ఒక్క ఉదుటున పాపను ఎత్తుకుని కిటికీ రెక్కలు బార్లా తెరిచింది.

“ఏం కలుపుతున్నారత్తయ్యా అందులో?”

“అరవకు. వాడు లేస్తాడు.”

“లేవనివ్వండి! మీ అబ్బాయికీ తెలియాలి. కోపముంటే నన్ను నాలుగు తిట్టండి, పడతాను. పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఇదేం పని?”

అత్తగారు చెంబు ముందుకు చాచింది. “వాసన చూడు.”

“నేను చూడను.”

“నీ భయం నువ్వూను!” అత్తగారు చెంబులో వేలు ముంచి నాలిక్కి రాసుకుని మొహం చిట్లించింది. “సబ్బునీళ్ళు. వారం నుంచీ సీసాలో ఉన్నవి ఇవే. నీ మందు ఎప్పుడో పారబోశాను.”

“పారబోశారా? ఎందుకూ?”

“ఇంట్లో ఉండకూడదు గనక. సీసా ఖాళీగా కనబడితే నువ్వు పరిగెత్తుకెళ్ళి ఇంకోటి తెస్తావు. అందుకని నింపుతున్నా. పొద్దున చెయ్యి జారి గీత దాటిపోయింది, అందుకే వంపేసి మళ్ళీ పోస్తున్నా.”

“మరి రోజూ తరిగిపోవడమేమిటి? మీరు కాకపోతే ఆ ఓవెన్ని తోముతున్నదెవరు?”

అత్తగారు చెంబు కింద పెట్టింది. ఆవిడ గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

“చెబితే నువ్వు ఇక కన్నే మూయవని ఊరుకున్నాను. పోయిన వారం మాత్రం చంకలో పాప కూడా ఉండేసరికి నా గుండె ఆగినంత పనైంది.”

“ఎవరి చంకలో?”

అత్తగారు దగ్గరకొచ్చి, కోడలి చేతుల్లోంచి పాపను మెల్లగా తీసుకుంది.

“నిద్రలో లేచి తోముతున్నది నువ్వేనమ్మా.”