తెల్ల బండల మీద గడ్డి తాళ్లు

మాల్సున్ ఆ రోజు కూడా తన వలసంచిని సముద్రంలోనే బోర్లించింది.

ఏరిన నత్తలన్నీ బుడుంగున మునిగిపోయాయి. ఒడ్డున మంట చుట్టూ రాళ్ల మీద కూర్చుని ఒళ్లు కాచుకుంటున్న ఆడవాళ్లందరూ అది చూశారు.

"ఈమెకు పిచ్చా, మనకు పిచ్చా?" అంది పోక్రే. ఆ గుంపులో నోరున్న మనిషి ఆమె.

పెద్దక్క ఇన్సుక్ మంటలోకి ఇంకో పుల్ల తోసింది. కొరియాలోని జెజు దీవిలో, ఆడవాళ్లు సముద్రంలో మునిగి నత్తలు ఏరి బతికే ఆ చిన్న రేవులో ఎవరు మునగాలో, ఎక్కడ ఏరాలో, ఎప్పుడు ఆపాలో చెప్పేది పెద్దక్కే. పన్నెండు ఇళ్ల పొయ్యిలు ఆమె మాట మీద వెలుగుతాయి. ఈ మధ్య ఆమెకు తిండి సయించడం లేదు.

తూర్పు కొన దగ్గర నీళ్లలోని బండలు సున్నం కొట్టినట్టు తెల్లబడుతున్నాయి. నిరుడు పది బారల మేర, ఇప్పుడు నలభై. తెల్లబడ్డ చోట నాచు మొలవదు. నాచు లేని చోట నత్త ఉండదు, చేప రాదు. అక్కడ మునిగితే తన గుండె చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు.

మాల్సున్ ఆ ఊరికి వచ్చి ఎనిమిది నెలలు. ఏ ఊరమ్మా అని అడిగితే "ఆవలి తీరం" అనేది, అంతే. అరవై దాటిన మనిషి, ఒక్క ఊపిరితో రెండు నిమిషాలు అడుగున ఉండగలదు. ఒడ్డెక్కేటప్పుడు మాత్రం ఖాళీ చేతులే.

"వేసవికి రెట్టింపు సరుకు కావాలంటున్నాడు షావుకారు," అంది ఇన్సుక్. "కొలత రింగు కాస్త చిన్నది చేద్దాం. ఇన్నాళ్లూ అందులోంచి జారిన పిల్ల నత్తల్ని వదిలేశాం. ఈసారి వాటినీ ఏరుకుందాం."

అందరూ తలూపారు.

"వద్దు," అంది మాల్సున్. "పెద్దవాటిని కూడా ఏడాది పాటు ముట్టకండి."

పోక్రే పకపకా నవ్వింది. "ఏడాది పాటు ఏం తినమంటావు పిన్నీ, నీ ఉపన్యాసమా?"

"గంజి తాగండి."

ఇన్సుక్‌కు ఒళ్లు మండింది.

"చెప్పడం తేలిక. ఇంతమంది కడుపుల బరువు నీ నెత్తిన ఎప్పుడైనా పడిందా?"

మాల్సున్ ఆమె వైపు చూసింది. ఖాళీ సంచీ భుజాన వేసుకుని లేచి వెళ్లిపోయింది.

రెండు రోజుల తరువాత పోక్రే రొప్పుతూ వచ్చింది.

"పెద్దక్కా, ఆమె వెనకాలే మునిగి చూశాను. తూర్పు కొనలో తెల్ల బండలకు గడ్డి తాళ్లు కట్టింది. ఒకటీ రెండూ కాదు, వందకు పైనే. ఎవరికీ కనపడకుండా పైన నాచు చుట్టింది."

"తాళ్లెందుకు?"

"గుర్తుకి. సరుకంతా అక్కడ దాచి, ఎవడికో పడవలో చేరవేస్తోంది. మన ముందు సంచీ బోర్లించడం అంతా నాటకం."

ఇన్సుక్ స్వయంగా వెళ్లి మునిగింది. తాళ్లు ఉన్నాయి. నత్తలు లేవు. ఇప్పటికే అమ్మేసి ఉంటుందని అనుకుంది. అలా అనుకోవడం ఆ వేళ ఆమెకు అవసరమైంది. ఎవరో ఒకరు దొంగ అయితే, తన సముద్రానికి ఏ రోగమూ లేనట్టే కదా.

పూటంతా మునుగుతూ, లేస్తూ, కొడవలితో తాళ్లన్నీ కోసేసింది.

ఆ సాయంత్రమే మంట దగ్గర మాల్సున్ కూర్చునే రాయిని తీసేశారు. మంట దగ్గర చోటు లేని మనిషికి ఆ రేవు నీళ్లలోనూ చోటు లేదు.

మాల్సున్ గొడవ పడలేదు.

"అన్నీ కోసేశావా?" అని మాత్రం అడిగింది.

"అన్నీ."

"ఇంకో రెండు నెలలు ఉంచితే బాగుండేది," అని మూట భుజాన వేసుకుని బస్సెక్కింది.

ఆ వేసవిలో షావుకారు లారీ రెండుసార్లు నిండింది. పోక్రే కొత్త ఫ్రిజ్ కొంది.

మరుసటి వసంతానికి తెల్లదనం రేవు మెట్ల దాకా వచ్చేసింది. తెల్లవారుజామున మునిగిన వాళ్లు మధ్యాహ్నానికి గుప్పెడు నత్తలతో తేలుతున్నారు. ఎవరి మొహం ఎవరూ చూసుకోవడం లేదు.

ఇన్సుక్ ఒక్కతే తూర్పు కొనకు వెళ్లింది. ఒక బండ చీలికలో కొడవలికి అందకుండా ఒక తాడు మిగిలిపోయింది. తాడు సగం కుళ్లిపోయింది. దానికి చుట్టిన నాచు మాత్రం బండకు వేళ్లు దన్ని, గుబురుగా ఊగుతోంది. ఆ గుబురు అడుగున శనగగింజలంత పిల్ల నత్తలు, లెక్కపెట్టలేనన్ని.

ఇన్సుక్ ఊపిరి అయిపోయేదాకా వాటిని చూస్తూనే ఉండిపోయింది. పైకి వచ్చి, నీళ్ల మీదే ఏడ్చింది.

మాల్సున్ అద్దెకున్న గది యజమానురాలి దగ్గర ఆమె సొంతూరి చిరునామా దొరికింది. రెండు బస్సులు మారి ఆ ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఇల్లు తాళం వేసి ఉంది. ఎదురుగా ఒక ముసలామె కమలాలు అమ్ముతోంది.

"మాల్సున్‌ కోసమా? చలికాలంలోనే చనిపోయిందమ్మా."

ఇన్సుక్ కమలాల బుట్ట పక్కన కూర్చుని ముసలామె చేయి పట్టుకుంది.

"మా సముద్రం చచ్చిపోతోంది పిన్నీ. ఆ తాళ్లు కట్టే పని ఆమెకు ఎవరు నేర్పారో చెప్పు. వాళ్ల కాళ్లైనా పట్టుకుంటాను."

"ఎవరూ నేర్పలేదు. మా సముద్రం పోయాక, తనే పడి పడి నేర్చుకుంది."

ఇన్సుక్ తలెత్తి చూసింది. పోటు తగ్గిన తీరమంతా, కనుచూపు మేర, తెల్లటి బండలే.

"ఇక్కడ ఇప్పుడు ఎంతమంది మునుగుతున్నారు?"

"ఒక్కరూ లేరు. ఒకప్పుడు అరవై మందిమి. మా కడుపులు నింపడానికి పిల్ల నత్తతో సహా ఊడ్పించేసింది మా పెద్దక్క," అంటూ ముసలామె తాళం వేసిన మాల్సున్ ఇంటి వైపు చేయి చూపించింది.